వెంట వచ్చిందా, వల్ల వచ్చిందా? అణు ప్రాజెక్టులు, జబ్బుల మీద ఒక లెక్క

మహబూబాబాద్ జిల్లా నర్సింహులపేట లాంటి ఊళ్లలో ఇప్పుడు ఖబర్లు మోసుకొచ్చేది వాట్సాప్. ఇషా నమాజ్ అయ్యి, అన్నాలు తిని ఇంట్లో అందరూ కూర్చున్న వేళకు ఎవరో ఒకరి ఫోన్‌లో వీడియో మోగుతుంది. "అణు కేంద్రం పెట్టారు, ఐదేళ్లలో ఊరంతా క్యాన్సర్" అని అందులో ఒక గొంతు గట్టిగా చెబుతుంది. మరో గ్రూపులో ఇంకో వీడియో వస్తుంది. "అణు విద్యుత్తుతో ఎవరికీ ఏమీ కాదు, అంతా పుకార్లే" అని అది అంతే గట్టిగా చెబుతుంది. అమ్మీకి మొదటిది నిజమనిపిస్తుంది. ఇంజనీరింగ్ చదివే కొడుక్కి రెండోది నిజమనిపిస్తుంది. ఇద్దరి దగ్గరా లెక్క మాత్రం ఉండదు.

ముందు ఒక విషయం తెలుసుకోవాలి. తెలంగాణలో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ నడుస్తున్న అణు విద్యుత్ కేంద్రం ఒక్కటీ లేదు. మన చుట్టుపక్కల ఉన్నవి కర్ణాటకలోని కైగా, తమిళనాడులోని కల్పాక్కం, కూడంకుళం, మహారాష్ట్రలోని తారాపూర్. అయినా ఈ గొడవ మనకు దూరంది కాదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కోటి 1,208 మెగావాట్ల చొప్పున 6 రియాక్టర్లు పెట్టాలని ప్రతిపాదన ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. మహబూబాబాద్‌కు పక్క జిల్లా అయిన భద్రాద్రి కొత్తగూడెంలో, మణుగూరు దగ్గర భారజల కర్మాగారం ఉంది. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని జనం ఉద్యమిస్తే, 2019 సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. 2047 నాటికి దేశంలో అణు విద్యుత్తును 100 గిగావాట్లకు పెంచుతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అప్పటికి ఉన్న సామర్థ్యానికి ఇది పదింతల పైమాటే. అంటే ఇలాంటి ప్రశ్న రేపు ఏ ఊరి గ్రామసభ ముందుకైనా రావచ్చు.

ఆ రోజు "ఈ జబ్బు దాని వెంట వచ్చిందా, దాని వల్ల వచ్చిందా" అని విడదీసి చూడగలిగిన ఊరికే న్యాయం దక్కుతుంది. వెంట రావడం వేరు, వల్ల రావడం వేరు. చదువుకున్నవాళ్లు మొదటిదాన్ని సహసంబంధం అంటారు, రెండోదాన్ని కార్యకారణ సంబంధం అంటారు. పేర్లు ఏవైనా సంగతి ఇదే.

గ్రహణం రోజు చెప్పిన పాఠం

ఈ తేడా మన సమాజానికి కొత్తదేమీ కాదు. హిజ్రీ 10వ సంవత్సరంలో ప్రవక్త ముహమ్మద్ (స) చిన్న కుమారుడు ఇబ్రాహీం మదీనాలో కన్నుమూశాడు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కొడుకు చనిపోయినందుకే సూర్యుడు కూడా చీకటైపోయాడని జనం అనుకోసాగారు. కొడుకును పోగొట్టుకున్న దుఃఖంలో ఉండి కూడా ప్రవక్త (స) ఆ మాటను సాగనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ నిదర్శనాలని, ఎవరి చావు వల్లా ఎవరి పుట్టుక వల్లా వాటికి గ్రహణం పట్టదని చెప్పారు. ఈ సంఘటన బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ పుకారు ఎవరినీ తిట్టేది కాదు, పైగా ప్రవక్త ఇంటికి గౌరవం తెచ్చేది. అయినా సరే, రెండు సంఘటనలు ఒకే రోజు జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని ఆయన తేల్చి చెప్పారు.

నాలుగు రకాల పొరపాట్లు

ఎండాకాలంలో కూలర్లు ఎక్కువ అమ్ముడయ్యే నెలలోనే వడదెబ్బ కేసులు కూడా పెరుగుతాయి. కూలర్ వల్ల వడదెబ్బ తగులుతోందని ఎవరూ అనరు. రెండింటికీ మూలం ఎండ అని అందరికీ తెలుసు. జబ్బుల విషయంలో ఆ "ఎండ" కంటికి కనబడదు. అందుకే పొరబడతాం. ఈ పొరపాటు ముఖ్యంగా నాలుగు దారుల్లో వస్తుంది.

మొదటిది, కాకతాళీయం. చాటలోని జొన్నలను నేల మీద చల్లితే అవి సమానంగా పరుచుకోవు. ఒకచోట కుప్పగా పడతాయి, ఇంకోచోట ఖాళీ ఉంటుంది. గింజలు పడ్డాక ఆ కుప్ప చుట్టూ గీత గీసి, "చూశారా, ఇక్కడే ఎందుకు పడ్డాయి" అంటే దానికి జవాబుండదు. జబ్బులు కూడా అలాగే కొన్నిచోట్ల గుమిగూడతాయి. భారత వైద్య పరిశోధన మండలి 2022లో ఇచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో ప్రతి 9 మందిలో ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది. 90 మంది ఉండే ఒక చిన్న వాడను తీసుకుంటే, ఏ ప్రాజెక్టూ లేకపోయినా అందులో సుమారు 10 మందికి జీవితంలో ఎప్పుడో క్యాన్సర్ రావచ్చు. ఆ పదిలో నాలుగు ఒకే రెండేళ్లలో బయటపడితే ఆ వాడకు అది ఖయామత్‌లాగే అనిపిస్తుంది.

రెండోది, మరుగున ఉన్న మూడో కారణం. మణుగూరు చుట్టూ ఉన్నది భారజల కర్మాగారం ఒక్కటే కాదు. సింగరేణి బొగ్గు గనులున్నాయి, 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం ఉంది, బొగ్గు లారీల దుమ్ము ఉంది, బీడీ, గుట్కా అలవాట్లున్నాయి. అక్కడ ఒకరికి ఊపిరితిత్తుల జబ్బు వస్తే వీటిలో దేనివల్ల అని విడదీయకుండా ఒక్కదాని మీద వేలు పెట్టలేం.

మూడోది, వెతికితే దొరకడం. పూర్వం పల్లెలో ఎవరికైనా గడ్డ లేస్తే "ఏదో రోగం" అని పసరు కట్టేవాళ్లు. ఏ జబ్బుతో పోయారో కాగితం మీద ఎక్కేది కాదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పేదవాళ్లు కూడా పెద్దాసుపత్రికి వెళ్లి స్కాన్లు తీయించుకోవడం పెరిగింది. జబ్బుకు పేరు వచ్చింది, లెక్కలోకి వచ్చింది. లెక్క పెరిగినంతా జబ్బు పెరిగినట్టు కాదు. జపాన్‌లోని ఫుకుషిమాలో ఇదే జరిగింది. 2011 ప్రమాదం తర్వాత అక్కడ సుమారు 3 లక్షల మంది పిల్లల గొంతులకు అల్ట్రాసౌండ్ పరీక్షలు చేశారు. థైరాయిడ్‌లో చిన్న చిన్న బుడిపెలు, నీటి తిత్తులు చాలామందిలో కనిపించాయి. జనం హడలిపోయారు. అప్పుడు ప్రమాద ప్రభావం లేని మూడు దూరపు ప్రాంతాల పిల్లలకు కూడా అదే యంత్రంతో, అదే పద్ధతిలో పరీక్ష చేస్తే అక్కడా దాదాపు అలాగే కనిపించాయి.

నాలుగోది, కాలం లెక్క కుదరకపోవడం. రేడియేషన్ వల్ల వచ్చే రక్త క్యాన్సర్‌కు కనీసం రెండేళ్లయినా పడుతుంది. ఊపిరితిత్తులు, జీర్ణాశయం లాంటి చోట్ల గడ్డలుగా వచ్చే క్యాన్సర్లకు సాధారణంగా పదేళ్లు, అంతకంటే ఎక్కువే పడుతుంది. పోయినేడు ఫ్యాక్టరీ మొదలై, ఈ ఏడు గడ్డ బయటపడితే ఆ గడ్డ విత్తనం అంతకు ముందే పడి ఉండాలి.

కట్టని కేంద్రం మీద పడని నింద

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు తెలుగువాళ్లందరికీ తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో వేలమంది కిడ్నీ జబ్బుతో బతుకుతున్నారు. వాళ్లలో చాలామందికి షుగర్ లేదు, బీపీ లేదు. భూగర్భ జలాల్లోని సిలికా, లోహాలు, పురుగుమందులు, ఎండలో చెమటోడ్చి పనిచేసేటప్పుడు ఒంట్లో నీరు తగ్గిపోవడం, నొప్పి మాత్రలు ఎక్కువగా మింగడం, వంశపారంపర్యం, ఇలా ఎన్నో అనుమానాల మీద పరిశోధనలు జరిగాయి. ఇదొక్కటే కారణమని ఇప్పటిదాకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఆ ఊళ్లకు వంశధార నీళ్లు పైపుల్లో ఇచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది.

ఇప్పుడొక ఊహ. కొవ్వాడ కూడా అదే శ్రీకాకుళం జిల్లాలో ఉంది. అక్కడి రియాక్టర్లు ప్రతిపాదన దగ్గరే ఆగకుండా 1990లలోనే కట్టేశారనుకుందాం. ఆ తర్వాత కొన్నేళ్లకు ఉద్దానంలో కిడ్నీ జబ్బు బయటపడేది. అప్పుడు ఎవరైనా వేరే కారణం వెతికేవాళ్లా? "అణు కేంద్రం వచ్చింది, కిడ్నీలు పోయాయి" అని దేశమంతా ఒకే మాట అనేది. పత్రికలు అదే రాసేవి, కోర్టులో కేసులు అదే చెప్పేవి. నీళ్ల పరీక్షలు, నొప్పి మాత్రల సంగతి, ఎండలో పనిచేసే కూలీల సంగతి మూలకు పడేవి. కానీ కేంద్రం కట్టనే లేదు, జబ్బు మాత్రం వచ్చింది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతులకు, మధ్య అమెరికాలో నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలకు కూడా ఇలాంటి కిడ్నీ జబ్బే ఉంది. ఆ మూడు దేశాల్లోనూ అణు విద్యుత్ కేంద్రాలు లేవు.

ఇంగ్లండ్‌లో ఇలాంటి ఊహను నిజంగానే పరీక్షించి చూశారు. అక్కడ సెల్లాఫీల్డ్ అనే చోట వాడేసిన అణు ఇంధనాన్ని 2022 దాకా శుద్ధి చేసిన కర్మాగారం ఉంది. దాని పక్కనే సీస్కేల్ అనే చిన్న ఊరు. ఆ ఊరి పిల్లల్లో రక్త క్యాన్సర్ మామూలు కంటే ఎక్కువగా ఉందని 1983లో ఒక టీవీ కార్యక్రమం బయటపెట్టింది. ప్రభుత్వం కమిటీ వేసింది. 1984లో కమిటీ చెప్పిందేమంటే, జబ్బు ఎక్కువగా ఉన్న మాట నిజమే గానీ, అక్కడి పిల్లలకు అందిన రేడియేషన్ అంచనా అన్ని కేసులు రావడానికి సరిపోవడం లేదు. 1989లో పరిశోధకులు ఇంకో పని చేశారు. అణు కేంద్రం కట్టాలని పరిశీలించి ఇంకా కట్టని స్థలాల చుట్టూ ఉన్న లెక్కలు తీశారు. చిత్రమేమంటే, రియాక్టర్ లేని ఆ చోట్ల కూడా పిల్లలు, యువకుల్లో రక్త క్యాన్సర్ మరణాలు అలాగే కాస్త ఎక్కువగా కనిపించాయి.

ఎందుకలా? అణు కేంద్రాల కోసం ఎంచుకునే స్థలాలు ఒకే రకంగా ఉంటాయి. ఊళ్లకు దూరంగా, నీటి ఒడ్డున, జనం తక్కువగా ఉన్న చోట్లే చూస్తారు. అలాంటి మారుమూల ప్రాంతానికి ఒక్కసారిగా బయటి జనం వచ్చి చేరితే, స్థానికులకు అలవాటు లేని ఏదో అంటు వ్యాపించి పిల్లల్లో ఈ జబ్బుకు దారితీయవచ్చని ఒక శాస్త్రవేత్త 1988లో చెప్పారు. అదీ పూర్తిగా రుజువు కాలేదు. అయితే స్థలంలోనే ఏదో ఉందేమోనన్న ప్రశ్నను కట్టని కేంద్రాలు లేవనెత్తాయి. కట్టిన కేంద్రాల చుట్టూ మాత్రమే వెతికితే ఆ ప్రశ్న పుట్టేదే కాదు.

ఈ కథ ఇంతటితో ముగియలేదని కూడా చెప్పాలి. జర్మనీలో 16 అణు విద్యుత్ కేంద్రాల చుట్టూ చేసిన పెద్ద అధ్యయనం 2007 చివర్లో బయటికొచ్చింది. కేంద్రానికి 5 కిలోమీటర్ల లోపు ఉన్న ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్త క్యాన్సర్ రెట్టింపు దాకా ఉందని అది తేల్చింది. ఆ కేంద్రాల నుంచి వెలువడే రేడియేషన్ మాత్రం దానికి కారణం కావాల్సిన మోతాదు కంటే వెయ్యి రెట్లకు పైగా తక్కువ. కాబట్టి అక్కడ "వెంట రావడం" కనిపించింది, "వల్ల రావడం" తేలలేదు. ఇంకా వెతుకుతున్నారు.

నిజంగా "వల్ల" అయినప్పుడు ఎలా ఉంటుంది?

"అన్నీ కాకతాళీయమే, భయపడొద్దు" అని చెప్పడం కూడా అంతే పెద్ద తప్పు. కారణం నిజంగా ఉన్నప్పుడు అది తన ఆనవాళ్లు వదులుతుంది.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ రియాక్టర్ పేలింది. అందులోంచి రేడియోధార్మిక అయోడిన్ గాలిలోకి వచ్చింది, గడ్డి మీద పడింది. ఆ గడ్డిని ఆవులు మేశాయి, పాలను పిల్లలు తాగారు. మన ఒంట్లో అయోడిన్ చేరే చోటు గొంతులోని థైరాయిడ్. నాలుగైదేళ్ల తర్వాత పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్ పెరగడం మొదలైంది. 2005 నాటికి బెలారుస్, ఉక్రెయిన్, రష్యాలలో అప్పటి పిల్లలు, టీనేజీవాళ్లలో 6 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. వాటిలో పెద్ద భాగం ఆ అయోడిన్ ఖాతాలోదే.

ఇది "వల్ల" అని ఎలా తెలిసింది? మోతాదు ఎక్కువ అందిన పిల్లల్లో జబ్బు ఎక్కువగా ఉంది. చిన్న వయసు పిల్లలకు ముప్పు ఇంకా ఎక్కువగా ఉంది. జబ్బు పట్టిన అవయవం అయోడిన్ చేరే అవయవమే. అన్నిటికంటే గట్టి సాక్ష్యం గోమెల్ ప్రాంతంలో దొరికింది. ఈ అయోడిన్ 8 రోజులకొకసారి సగమవుతూ కొన్ని నెలల్లో పూర్తిగా పోతుంది. ప్రమాదానికి ముందు పుట్టిన సుమారు 9,700 మంది పిల్లలను పరీక్షిస్తే 31 మందిలో థైరాయిడ్ క్యాన్సర్ ఉంది. 1987 నుంచి 1989 మధ్య, అంటే అయోడిన్ పోయాక పుట్టిన సుమారు 9,500 మందిని అలాగే పరీక్షిస్తే ఒక్క కేసు కూడా లేదు. ఊళ్లు అవే, యంత్రం అదే, డాక్టర్లు చేసిన పరీక్షా అదే. తేడా అయోడిన్ ఒక్కటే.

మన దగ్గర ఫ్లోరోసిస్ కథ కూడా ఇలాంటిదే. ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో, అప్పటి మద్రాసు రాష్ట్రంలో, 1937లోనే ఈ జబ్బును గుర్తించారు. నల్లగొండలో వంకర కాళ్లతో, వంగిపోయిన నడుములతో తరాలు గడిచాయి. శాపమని, వంశదోషమని అనుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ నీళ్లను కొలిస్తే లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న బావుల దగ్గరే జబ్బు ఎక్కువ. అదే ప్రాంతంలో చెరువు నీళ్లు, నది నీళ్లు తాగినవాళ్లకు తక్కువ. మంచినీళ్లు వచ్చాక పుట్టి పెరిగిన పిల్లల పళ్లు, ఎముకలు బాగుంటాయి. కారణాన్ని తీసేస్తే జబ్బు తగ్గుతుంది. ఇంతకంటే మంచి రుజువు లేదు.

తుమ్మలపల్లె: కొలత లేక నష్టపోయేది ఎవరు?

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం 2012లో మొదలయ్యాయి. ముడి ఖనిజంలోంచి యురేనియం తీశాక మిగిలిన బురదను పెద్ద చెరువు లాంటి దాంట్లో నింపుతారు. ఆ చెరువు దగ్గరి ఊళ్ల రైతులు బోరు నీళ్లు మారిపోయాయని, అరటి తోటలు ఎండిపోతున్నాయని, ఒళ్లంతా దురదలు వస్తున్నాయని ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. కాలుష్యం తమ వల్ల కాదని సంస్థ చెబుతూ వచ్చింది.

ఇక్కడ ఊరివాళ్ల అనుమానానికి దారి స్పష్టంగానే ఉంది. బురద చెరువు అడుగు నుంచి నీరు ఊరితే బోర్లలోకి చేరుతుంది. తాగునీటిలో యురేనియం ఎక్కువైతే అది ముందు దెబ్బతీసేది కిడ్నీలను. ఇది రేడియేషన్ కంటే విషపదార్థంగా చేసే హాని. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరు నీటికి 30 మైక్రోగ్రాములను హద్దుగా చెప్పింది. మన అణుశక్తి నియంత్రణ బోర్డు 60 అని చెప్పింది. అయితే రాయలసీమలోనూ తెలంగాణలోనూ గ్రానైటు రాళ్ల మధ్య లోతుగా వేసిన బోర్లలో సహజంగానే కొన్నిచోట్ల యురేనియం ఉంటుంది. కాబట్టి బోరులో యురేనియం ఉందని ఈ రోజు తేలితే, "ఇది ముందు నుంచే ఉంది" అని సంస్థ అనవచ్చు, "మీరొచ్చాకే వచ్చింది" అని ఊరు అనవచ్చు. గని మొదలవకముందు ఆ బోరులో ఎంత ఉందో రాసిన కాగితం ఊరి చేతిలో ఉంటే ఈ వాదన ఒక్క రోజులో తేలిపోతుంది. అది లేనప్పుడు నష్టం ఎప్పుడూ రైతుదే.

ఊరివాళ్లు ప్రతి జబ్బునూ గని ఖాతాలోనే వేస్తే ఇంకో నష్టం కూడా ఉంది. గుట్కా తిన్నవాడి నోటి క్యాన్సర్‌ను కూడా ఆ జాబితాలో చేర్చితే, సంస్థ తరఫు లాయర్ ఆ ఒక్కదాన్ని పట్టుకుని మిగతా నిజమైన ఫిర్యాదులన్నిటినీ కొట్టిపారేస్తాడు. తప్పు లెక్క మంచి కేసును కూడా పాడుచేస్తుంది.

రేడియేషన్ ఎక్కువున్న చోట క్యాన్సర్ తప్పదని అనుకునేవాళ్లు కేరళలోని కరునాగపల్లిని కూడా చూడాలి. అక్కడి సముద్రతీరం ఇసుకలో మోనజైట్ ఉండటంతో సహజ రేడియేషన్ మామూలు చోట్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. సుమారు 70 వేల మందిని సగటున పదేళ్లకు పైగా గమనించి, బీడీ, సిగరెట్ అలవాట్లను కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఆ రేడియేషన్ పెరిగే కొద్దీ క్యాన్సర్ పెరిగినట్టు కనిపించలేదని 2009లో ప్రకటించారు. దీనర్థం రేడియేషన్ మంచిదని కాదు. ఆ మోతాదులో హాని ఉన్నా, ఇంతమందిని చూసినా దొరకనంత చిన్నదని మాత్రమే.

మణుగూరు నీళ్లలో ఏముంది?

మణుగూరు దగ్గర అశ్వాపురంలోని భారజల కర్మాగారం 1991 నుంచి నడుస్తోంది. "అణు" అనే పేరు వినగానే అక్కడ రియాక్టర్ ఉందని, రేడియేషన్ వస్తుందని చాలామంది అనుకుంటారు. అక్కడ రియాక్టర్ లేదు. గోదావరి నీళ్లలో చాలా కొద్దిగా ఉండే భారజలాన్ని వేరుచేసి, వేరే రాష్ట్రాల్లోని రియాక్టర్లకు పంపుతారు. కొత్తగా తీసిన భారజలంలోంచి రేడియేషన్ రాదు.

మరి అక్కడ ప్రమాదమే లేదా? ఉంది, కానీ వేరేది. భారజలాన్ని వేరుచేయడానికి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువును పెద్ద మొత్తంలో వాడతారు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే ఈ వాయువు ఎక్కువ మోతాదులో లీకైతే నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. కాబట్టి చుట్టుపక్కల ఊళ్లు అడగాల్సింది గ్యాస్ లీకైతే సైరన్ ఎలా మోగుతుంది, ఏ దిక్కుకు పోవాలి, చివరిసారి మాక్ డ్రిల్ ఎప్పుడు చేశారు అని. లేని రేడియేషన్ గురించి భయపడుతూ ఉన్న గ్యాస్ గురించి అడగకపోతే, ఊరు తన అసలు ప్రశ్నను పోగొట్టుకున్నట్టే.

ఇంటికి తగిలే దెబ్బ

కారణాన్ని తప్పుగా పట్టుకుంటే దాని ఖర్చు ముందుగా కట్టేది ఇల్లే. నర్సింహులపేటకు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న రియాక్టర్‌ను తిట్టుకుంటూ, చాచా చెంపలో పెట్టుకున్న జర్దా పాన్ సంగతి ఎవరూ ఎత్తరు. పొగాకు, గుట్కా, వక్క నోటి క్యాన్సర్‌కు కారణాలని దశాబ్దాల క్రితమే తేలిపోయింది. కట్టెల పొయ్యి పొగలో యాభై ఏళ్లు వంట చేసిన నానీ ఊపిరితిత్తులు, రోజంతా బీడీలు చుట్టే ఖాలా పీల్చే పొగాకు దుమ్ము, మోకాళ్ల నొప్పికి డాక్టర్‌ను అడక్కుండా నెలల తరబడి మింగే మాత్రల వల్ల పాడయ్యే కిడ్నీలు, ఇవన్నీ ఇంటి గడప లోపలి కారణాలు. వీటిని మార్చుకోవడం మన చేతిలో ఉంది.

మోతాదు తెలిస్తే భయం కూడా సరైన కొలతలో ఉంటుంది. భూమి నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి ప్రతి మనిషికీ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టుల రేడియేషన్ సహజంగానే అందుతుంది. అణు కేంద్రాల వల్ల బయటి జనానికి ఏడాదికి 1 మిల్లీసీవర్టుకు మించి అందకూడదన్నది మన దేశంలో నిబంధన. పొట్టకు తీసే ఒక్క సీటీ స్కాన్‌తోనే 10 మిల్లీసీవర్టుల దాకా అందవచ్చు. అవసరమైన స్కాన్ మానకూడదు. కానీ అవసరం లేకుండా "ఎందుకైనా మంచిది" అని తీయించుకునే స్కాన్ గురించి డాక్టర్‌ను ఒక్క మాట అడగడంలో తప్పు లేదు.

వీడియో వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు

1. ఎంతమందిలో ఎంతమందికి? "20 మందికి క్యాన్సర్" అంటే సగం మాటే. ఆ ఊళ్లో 500 మంది ఉన్నారా, 20 వేల మంది ఉన్నారా?

2. ముందు ఎంత ఉండేది? ప్రాజెక్టు రాకముందు లెక్క లేకపోతే పెరిగిందని ఎలా చెబుతారు?

3. అలాంటిదే అయిన, ప్రాజెక్టు లేని ఊళ్లో ఎంత ఉంది?

4. దారి ఏది? గాలి నుంచా, నీళ్ల నుంచా, పాల నుంచా? ఎవరైనా కొలిచారా?

5. దగ్గరున్నవాళ్లకు, ఎక్కువ తాగినవాళ్లకు జబ్బు ఎక్కువగా ఉందా? కాలం లెక్క కుదురుతుందా?

6. చెప్పేవాళ్లు ఎవరు? ప్రాజెక్టు వల్ల లాభపడేవాళ్లు "ఏమీ లేదు" అన్నా, ఓట్ల కోసం వచ్చినవాళ్లు "అంతా పోయింది" అన్నా, ఈ ఐదు ప్రశ్నలూ ఇద్దరినీ అడగాలి.

ఈ ఆరో ప్రశ్న మన ధర్మంలోనే ఉంది. ఎవరైనా ఖబర్ తెస్తే ముందు విచారించుకోవాలని, తెలియక ఎవరికో హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడే పరిస్థితి తెచ్చుకోవద్దని ఖుర్ఆన్‌లోని సూరా అల్ హుజురాత్ 6వ ఆయత్ హెచ్చరిస్తుంది. ఫార్వర్డ్ బటన్ నొక్కే వేలికి కూడా ఆ హెచ్చరిక వర్తిస్తుంది.

ఊరుగా చేయదగ్గ పని కూడా ఉంది. ఏ గని గానీ, ఏ ఫ్యాక్టరీ గానీ రాకముందే ఊరి బోర్లు, బావుల నీళ్లను ప్రభుత్వ ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ఆ రిపోర్టును తేదీతో సహా పంచాయతీలోనూ మస్జిద్ కమిటీ దగ్గరా ఒక్కో కాపీ దాచుకోవాలి. ఎవరు ఏ జబ్బుతో చనిపోయారో మరణ ధ్రువపత్రంలో సరిగ్గా రాయించుకోవాలి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి అడిగినప్పుడు గుట్కా అలవాటును, పాత జబ్బులను దాచకుండా చెప్పాలి. పదేళ్ల తర్వాత ఏదైనా అనుమానం వస్తే, గ్రామసభలోనైనా కోర్టులోనైనా ఊరి తరఫున మాట్లాడేది ఆ కాగితాలే.